రెండు పిట్టలు, ఒకే ముద్ర: గ్రేట్ నికోబార్ లెక్కల్లో కనిపించని ప్రశ్న

బంగాళాఖాతానికి ఆగ్నేయ కొసన, మలక్కా జలసంధి వైపు చూస్తున్నట్టుగా ఉండే గ్రేట్ నికోబార్ దీవిపై కొన్నేళ్లుగా సాగుతున్న చర్చ చాలావరకు అంకెల చుట్టూనే తిరుగుతోంది. ప్రాజెక్టు విస్తీర్ణం 166.10 చదరపు కిలోమీటర్లు. అందులో అటవీ భూమి 130.75 చదరపు కిలోమీటర్లు. తొలి అంచనా వ్యయం 72 వేల కోట్ల రూపాయలు. గలతియా అఖాతంలో కంటైనర్ల ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం ఈ ప్రణాళికలో భాగం. తొలగించవలసి రాగల చెట్లు 9.64 లక్షలని కేంద్ర పర్యావరణ శాఖ 2023లో పార్లమెంటుకు తెలిపింది. సమర్థించేవారు ఈ అంకెల్లో దేశ భద్రతనూ వాణిజ్యాన్నీ చూస్తున్నారు. వ్యతిరేకించేవారికి ఇవే అంకెల్లో కూలబోయే అడవి కనిపిస్తోంది.

ఈ లెక్కల్లో ఎక్కడా పెద్దగా వినిపించని రెండు చిన్న పక్షులు నికోబార్ దీవుల్లో ఉన్నాయి. ఒకటి నికోబార్ బుల్‌బుల్. రెండోది నికోబార్ జంగిల్ ఫ్లైక్యాచర్. రెండూ ప్రపంచంలో మరెక్కడా లేవు. రెండూ గానపక్షులే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ప్రచురించే రెడ్ లిస్టులో రెండింటికీ ఒకే ముద్ర పడింది. అది ‘నియర్ థ్రెటెన్డ్’. తెలుగులో చెప్పాలంటే ముప్పుకు చేరువైన జాతి. అయితే ఈ రెండు పిట్టలు ఆ ముద్రకు చేరిన దారులు వేరు. ఒకదాని కథ నూట యాభై ఏళ్ల కిందట ఒక చిన్న వలస స్థావరంతో మొదలయింది. రెండోదాని కథ ఇప్పుడు మొదలవుతోంది. మొదటి కథను సరిగా చదివితే రెండోదానిలో ఏం అడగాలో తెలుస్తుంది.

సోంబ్రెరో జలసంధికి అటూ ఇటూ

గానపక్షి అనగానే తీయగా పాడే పిట్ట గుర్తుకు రావడం సహజం. శాస్త్రం దృష్టిలో మాత్రం అది స్వరపేటిక నిర్మాణాన్ని బట్టి వచ్చిన పేరు. ఆ లెక్కన పొద్దున్నే గోడమీద అరిచే కాకి కూడా గానపక్షే. నికోబార్ బుల్‌బుల్ గొంతు కూడా కచేరీకి పనికొచ్చేదేమీ కాదు. గుంపులో ఉన్నప్పుడు కిచకిచలతో గోల చేస్తుంది. తెలుగువారు పిగిలిపిట్టగా ఎరిగిన పక్షికి ఇది దూరపు బంధువు. తల మీద ముదురు గోధుమ రంగు టోపీ, పైన పాలిపోయిన ఆకుపచ్చ, కింద లేత పసుపు. తోటలో ఎగిరితే ప్రత్యేకంగా ఎవరూ తలెత్తి చూడరు. పండ్లు, పురుగులు దీని ఆహారం. దట్టమైన అడవిలోనే కాక అడవి అంచుల్లోనూ తోటల్లోనూ బతకగలదు.

ప్రధానంగా మధ్య నికోబార్ సమూహమే దీని నివాసం. కమోర్టా, నాన్‌కౌరీ, ట్రింకెట్, కచ్చాల్, తెరెసా, బొంపోకా అక్కడి దీవులు. వాటిలో ఏ ఒక్కటీ 200 చదరపు కిలోమీటర్లు దాటదు. 1854లో లండన్‌లోని ఈస్ట్ ఇండియా కంపెనీ మ్యూజియంలో పనిచేస్తున్న ఫ్రెడరిక్ మూర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టారు.

ఈ సమూహానికి దక్షిణంగా సోంబ్రెరో జలసంధి ఉంది. దానిని దాటితే లిటిల్ నికోబార్, గ్రేట్ నికోబార్ దీవులు వస్తాయి. జంగిల్ ఫ్లైక్యాచర్ ఉన్నది అక్కడే. పిడికెడు పిట్ట. వీపు గోధుమ రంగు, గొంతు తెలుపు. పెద్ద చెట్ల కింద, నీడ గల పొదల మధ్య, నేలకు కొంచెం ఎత్తులో ఒంటరిగా కూర్చుని పురుగుల కోసం కాచుకుంటుంది. ఇది గుంపు కట్టదు, తోటల దాకా రాదు.

ఈ పిట్ట శాస్త్రానికి తెలిసిన తీరు కూడా ఆసక్తికరం. విలియం ఆబట్ అనే అమెరికన్ సేకర్త, సెసిల్ బోడెన్ క్లాస్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1901లో ‘టెర్రపిన్’ అనే చిన్న నౌకలో అండమాన్, నికోబార్ దీవులు చుట్టి వచ్చారు. వారు పంపిన నమూనాలను పరిశీలించి, అమెరికా జాతీయ మ్యూజియానికి చెందిన చార్లెస్ వాలెస్ రిచ్‌మండ్ 1902లో దీనిని వర్ణించారు. ఆ తర్వాత చాలాకాలం దీనిని ఆగ్నేయ చైనాలో గూడుకట్టే మరో ఫ్లైక్యాచర్‌కు ఉపజాతిగానే జమకట్టారు. స్వతంత్ర జాతిగా గుర్తింపు దక్కింది ఇటీవలి దశాబ్దాల్లోనే. ఉపజాతిగా ఉన్నంతకాలం దాని బాగోగులను విడిగా అంచనా వేసే అవసరం ఎవరికీ రాలేదు. పేరు రావడం ఆలస్యమయితే పట్టింపు కూడా ఆలస్యమవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

రెడ్ లిస్టులో ఒక జాతిని ‘దుర్బలం’ అనే వర్గంలో, అంటే ముప్పులో ఉన్న జాతుల మొదటి మెట్టు మీద, చేర్చడానికి కొన్ని కొలతలు ఉన్నాయి. విస్తరణ పరిధి 20 వేల చదరపు కిలోమీటర్ల లోపు ఉండటం వాటిలో ఒకటి. ఆ ఒక్క కొలతే చాలితే నికోబార్ పక్షులన్నీ ఎప్పుడో ముప్పు జాబితాకెక్కేవి. ద్వీపసమూహం మొత్తం భూభాగం రెండు వేల చదరపు కిలోమీటర్లకు చేరదు. కానీ చిన్న చోట ఉండటం వేరు, ఆ చోట తగ్గిపోతూ ఉండటం వేరు. ఆవాసం ముక్కలవుతున్నదనో, పక్షుల సంఖ్య నిరంతరం పడిపోతున్నదనో ఆధారం కూడా కావాలి. మరో దారిలో, ఎదిగిన పక్షుల సంఖ్య వెయ్యి లోపని తేలాలి. ఇంకో దారి కూడా ఉంది. జాతి మొత్తం అయిదు లేదా అంతకంటే తక్కువ చోట్లకే పరిమితమై, ఒక్క దెబ్బతో దాన్ని వేగంగా కుంగదీయగల ముప్పు సమీపంలో ఉందని చూపగలిగినా సరిపోతుంది.

ఈ గీతలకు దగ్గరగా వచ్చి, ఏ ఒక్కదాన్నీ పూర్తిగా దాటనివి ‘ముప్పుకు చేరువ’ వర్గంలో నిలుస్తాయి. నికోబార్ పిట్టలు రెండూ అలాగే నిలిచాయి. రెండింటిలో దేని మొత్తం సంఖ్యకూ నమ్మదగిన గణన లేదు. కనుక ఈ ముద్రను ప్రమాదం ఇంకా రాలేదన్న భరోసాగా తీసుకోవడం పొరపాటు. పక్కనే ఉన్న అండమాన్‌లో కాకి వంశానికి చెందిన అండమాన్ ట్రీపై ఒకప్పుడు ఇదే వర్గంలో ఉండేది. ఇప్పుడు దుర్బల జాతుల్లో చేరింది.

పరిపాలనా పత్రాల్లో మాత్రం ముద్రకు మరో రకమైన ఉపయోగం ఉంటుంది. అధిక ముప్పు జాతులకు ప్రత్యేక ప్రణాళిక, మిగిలినవాటికి ఒక సాధారణ వాక్యం. గ్రేట్ నికోబార్‌కు 2022 నవంబరులో ఇచ్చిన పర్యావరణ అనుమతిలో లెదర్‌బ్యాక్ తాబేలు, నికోబార్ మెగాపోడ్, ఉప్పునీటి మొసలి వంటి జీవులపై శ్రద్ధ ఉంది. స్థానిక గుడ్లగూబలు గూడుపెట్టే తొర్రల చెట్లను గుర్తించి, వీలయినంతవరకు కాపాడాలన్న షరతు కూడా ఉంది. ఇవి అవసరమైన షరతులే. కానీ పెద్ద జీవికి, కంటికి కనిపించే గూటికి ఉన్న ఈ సౌకర్యం పొదల నీడలో ఒంటరిగా తిరిగే పిట్టకు ఉండదు. దాని చిరునామా ఒక చెట్టు కాదు. పై కొమ్మల కప్పు నుంచి కింద రాలిన ఆకుల పొర దాకా అడవి అంతా దాని ఇల్లే.

కమోర్టాలో దిగిన చుట్టం

ఇక బుల్‌బుల్ కథ. 1868లో డెన్మార్క్ నికోబార్‌పై తన హక్కులు వదులుకున్నాక బ్రిటిష్ ప్రభుత్వం 1869లో కమోర్టా దీవిలో, నాన్‌కౌరీ సహజ రేవు ఒడ్డున, ఖైదీల స్థావరం ఒకటి ఏర్పాటు చేసింది. మలేరియా, ఒంటరితనం, ఖర్చు దాన్ని పీడించాయి. 1888లో మూసివేశారు. పందొమ్మిదేళ్లు, అంతే. ఇప్పుడు అక్కడ ఆ స్థావరానికి గుర్తులుగా కనిపించేవి తక్కువ.

కానీ మనుషులతో పాటు రాకపోకలు సాగాయి. ఆ రాకపోకల్లోనే అండమాన్ నుంచి ఒక చుట్టం నికోబార్‌కు చేరింది. నల్లటి నిలువు సిగ, తెల్లని చెంప మీద ఎర్రని మచ్చ, తోక మొదట ఎరుపు. అరకు లోయ తోటల్లో, తూర్పు కనుమల పల్లెల్లో పెరట్లోకి వచ్చి కూర్చునే సిగ బుల్‌బుల్ ఇదే. దాని అండమాన్ ఉపజాతిని మనుషులు తెచ్చి మధ్య నికోబార్‌లో వదిలారు. అందంగా ఉంటుంది, పంజరంలో బతుకుతుంది, పాట కూడా వినసొంపు. తెచ్చినవారిలో దురుద్దేశం వెతకనవసరం లేదు.

తోటలు, పొదలు, అడవి అంచులు ఈ చుట్టానికి ఇష్టం. అదే స్థలం, అవే పండ్లు నికోబార్ బుల్‌బుల్‌కూ ఇష్టం. ఈ పోటీ వల్లనే స్థానిక పిట్ట కొన్ని దీవుల్లో పలచబడిందేమోనని పక్షి శాస్త్రవేత్తలు చాలాకాలంగా అనుమానిస్తున్నారు. రెడ్ లిస్టు అంచనాలో పేర్కొన్న ముప్పుల్లోనూ ఇది ఉంది. ఎంత నష్టమన్నది కొలిచిన వారు లేరు కనుక అనుమానం అన్న మాటే ఇక్కడ సరైనది.

ఈ చుట్టం చరిత్ర ఇతర చోట్ల బాగా నమోదయింది. 1880 ప్రాంతంలో సిడ్నీకి, 1892లో మారిషస్‌కు, 1960 ప్రాంతంలో అమెరికాలోని ఫ్లోరిడాకు ఇదే సిగ బుల్‌బుల్ మనుషుల వెంట చేరింది. ఎక్కడికి వెళ్లినా స్థిరపడింది. మారిషస్‌లోనూ పక్కనే ఉన్న రీయూనియన్ దీవిలోనూ పరాయి కలుపు మొక్కల విత్తనాలను తిని అడవిలోకి మోసుకుపోతున్నదన్న ఆరోపణ దీనిపై ఉంది. ఒక పరాయి జీవి మరో పరాయి జీవికి బండి కడుతుందన్నమాట.

గమనించవలసిన విషయం కాలానికి సంబంధించినది. స్థావరం పందొమ్మిదేళ్లలో ముగిసింది. దానిని నడిపిన ప్రభుత్వం 1947లో వెళ్లిపోయింది. చుట్టం మాత్రం ఉంది. నికోబార్ బుల్‌బుల్ ఈనాటికీ ఆ స్థావరపు ఖాతాలోనే బాకీ తీరుస్తోంది. కొట్టేసిన చెట్ల స్థానంలో చెట్లు పెరగవచ్చు. దిగిన జీవిని వెనక్కి పంపడం దాదాపు అసాధ్యం.

దీనిమీద 2004 డిసెంబరు 26 వచ్చి పడింది. భూకంపం, సునామీ నికోబార్ తీరరేఖనే మార్చివేశాయి. ట్రింకెట్ దీవి ముక్కలయింది. కచ్చాల్‌లో ప్రాణనష్టం అపారం. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగు భాగం నీళ్లలోకి వెళ్లింది. తీర అడవుల్లో మట్టి దిబ్బలు పోసి గుడ్లు పెట్టే నికోబార్ మెగాపోడ్ సంఖ్య దాదాపు 70 శాతం పడిపోయిందని తర్వాతి సర్వేలో తేలింది. ఈ విషయం తెలియడానికి కారణం ఉంది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి శాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలోనే దీవి దీవి తిరిగి మెగాపోడ్ దిబ్బలు లెక్కపెట్టి ఉంచారు. ముందు లెక్క ఉంది కనుకనే తర్వాతి నష్టం తెలిసింది. బుల్‌బుల్‌కు అలాంటి ముందు లెక్క లేదు.

ఫ్లైక్యాచర్ ముందున్నది ఏమిటి

గ్రేట్ నికోబార్ పరిస్థితి మొదటి చూపులో మెరుగ్గానే ఉంది. సుమారు 910 చదరపు కిలోమీటర్ల దీవిలో అత్యధిక భాగం అడవే. 1992లో ప్రకటించిన క్యాంప్‌బెల్ బే, గలతియా జాతీయ ఉద్యానాలు రెండూ కలిపి 500 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. 1989లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ దీవిని 2013లో యునెస్కో తన ప్రపంచ జాబితాలో చేర్చింది. ప్రాజెక్టు వల్ల మళ్లించే అటవీ భూమి దీవిలో సుమారు ఏడో వంతు. అందులోనూ 65.99 చదరపు కిలోమీటర్లను చెట్లు కొట్టని హరిత ప్రాంతంగా ఉంచుతామని కేంద్రం పేర్కొంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2023 ఏప్రిల్‌లో అనుమతులను రద్దు చేయడానికి నిరాకరించింది. కొన్ని అంశాలను పునఃపరిశీలించేందుకు ఉన్నత స్థాయి కమిటీని మాత్రం వేసింది. వివాదం కలకత్తా హైకోర్టు గడప కూడా తొక్కింది.

ఈ లెక్కన ఫ్లైక్యాచర్ రేపో మాపో అంతరించిపోతుందనడం అతిశయోక్తి. దీవి లోపలి కొండల్లో, పక్కనున్న లిటిల్ నికోబార్‌లో దానికి చోటు మిగులుతుంది. కొన్ని విమర్శలు ఈ సంగతిని దాటవేస్తున్నాయి. అది ఆ పిట్టకు మేలు చేయదు.

అయినా రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది పరిహార వనీకరణకు సంబంధించినది. దీవుల్లో కొత్తగా మొక్కలు నాటడానికి ఖాళీ నేల లేదు కనుక హర్యానాలో 261 చదరపు కిలోమీటర్లకు పైగా భూమిని అందుకు గుర్తించినట్టు కేంద్రం తెలిపింది. నిబంధనలు దీనికి అనుమతిస్తాయి. హర్యానాకు చెట్లు రావడం మంచిదే. కానీ ఆ పరిహారం చేరేది చెట్ల పద్దుకే. భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దూరంలోని సతత హరిత వర్షారణ్యంలో, రెండే దీవుల్లో ఉన్న పిట్టకు ఆరావళి పాదాల వద్ద పెరిగే తుమ్మచెట్టుతో సంబంధం ఏమిటి? ఎన్ని చెట్లకు ఎన్ని చెట్లు అని అడిగినంతకాలం ఈ ప్రశ్న పుట్టదు.

రెండో చిక్కు అంతకంటే లోతయినది. 2011 జనగణనలో గ్రేట్ నికోబార్ జనాభా సుమారు ఎనిమిది వేలు. నికోబారీలు, అడవి లోపలి షోంపెన్లు, 1969 తర్వాత తూర్పు తీరంలో భూములిచ్చి స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాలు కలిపి లెక్క అది. ప్రాజెక్టు పూర్తయ్యేసరికి జనాభా మూడున్నర లక్షలకు చేరవచ్చని ప్రణాళిక అంచనా. ఇంతమందికి బియ్యం, కూరగాయలు, ఇసుక, కలప, ఇంటి సామాను, కోళ్లు, పెంపుడు పిల్లులు, పంజరం పిట్టలు అన్నీ ఓడలోనే రావాలి. ఓడరేవుకు వచ్చే కంటైనర్లు వీటికి అదనం. ప్రపంచంలోని ఏ రేవు నుంచైనా అవి రావచ్చు.

నికోబార్ బుల్‌బుల్ కథ ఇక్కడే పనికొస్తుంది. పందొమ్మిదేళ్లు నడిచిన చిన్న స్థావరం ఒక చుట్టాన్ని వదిలి వెళ్లింది. శాశ్వతంగా ఉండబోయే పట్టణం, రోజూ ఓడలు దిగే రేవు ఎన్నింటిని తెస్తాయి? చెట్టు కొట్టని అడవికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. జాతీయ ఉద్యానం సరిహద్దు రాయి ఎలుకను ఆపదు.

పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవి ఈ విషయంలో ప్రపంచానికి చేదు గుర్తు. దాని విస్తీర్ణం సుమారు 540 చదరపు కిలోమీటర్లు, గ్రేట్ నికోబార్ కంటే చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో సైనిక సరుకుతో పాటు బ్రౌన్ ట్రీ స్నేక్ అనే చెట్ల మీద తిరిగే పాము అక్కడ దిగింది. ఎవరూ తేలేదు, సామానులో దాక్కుని వచ్చింది. నలభై ఏళ్లలో దీవి అడవుల్లోని స్థానిక పక్షి జాతుల్లో అత్యధిక భాగం మాయమయ్యాయి. అడవి నిలిచే ఉంది, పిట్టల గొంతులు ఆగిపోయాయి. అలా పోయిన వాటిలో గువామ్ ఫ్లైక్యాచర్ ఒకటి. దాన్ని చివరిసారి చూసింది 1983లో. మిగతా ప్రపంచంలో మరెక్కడా లేకపోవడం దాని ప్రత్యేకత, అదే దాని అంతం కూడా.

నికోబార్‌లో అడవికి తన సొంత పాములు, డేగలు ఉన్నాయి. అక్కడి పక్షులు శత్రువు ఎరుగని పక్షులు కావు. కనుక గువామ్ ఘటన యథాతథంగా పునరావృతమవుతుందని చెప్పడానికి లేదు. కానీ రేవులో సరుకు తనిఖీకి, పరాయి జీవుల నిఘాకు వ్యవస్థ ఏమిటన్న ప్రశ్న గువామ్ తర్వాత ఏ దీవి ప్రణాళికలోనైనా మొదటి పేజీలో ఉండవలసినది. న్యూజిలాండ్ తన చిన్న దీవులకు వెళ్లే పడవల్లో సంచుల అడుగు కూడా తనిఖీ చేయిస్తుంది. మన తీరం నుంచి, విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి, అండమాన్ వెళ్లే ఓడలో ఎక్కే తెలుగు ప్రయాణికుడిని చేతిలో పంజరం ఉందా అని అడిగేవారు ఉంటే ఆశ్చర్యపోతాడు.

ఈ ప్రస్తావన తెలుగువారికి పరాయిది కాదు. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో వందకు పదముగ్గురి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడ చేపలు పడుతున్నాయి, ఉద్యోగాలు చేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినిపించని వీధి అరుదు. రేపు గ్రేట్ నికోబార్‌లో కట్టబోయే పట్టణంలోనూ మనవారు ఉంటారు.

ముందు లెక్క ఎవరు రాస్తారు

నికోబార్ పక్షుల సమాచారం తక్కువగా ఉండటానికి శాస్త్రవేత్తల నిర్లక్ష్యమే కారణమనుకోవడం సరికాదు. ఆదివాసుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల కింద ఈ దీవులకు బయటివారి ప్రవేశంపై కట్టుబాట్లు ఉన్నాయి. అవి ఉండవలసినవే. ఏడాదిలో చాలా నెలలు వర్షం, ఓడ ఎప్పుడు వస్తుందో తెలియని రవాణా, మలేరియా వీటికి తోడు. అలాంటప్పుడు వారం రోజుల సెలవులో వెళ్లిన పక్షి ప్రేమికుడి పుస్తకంలో గ్రేట్ నికోబార్‌లోని రోడ్ల వెంట కనిపించినవే ఎక్కుతాయి. రోడ్డు పక్కకు రాని ఫ్లైక్యాచర్ ఎక్కదు. మధ్య నికోబార్‌లో పరిస్థితి ఇంకా కష్టం.

మరో రకం జ్ఞానం అక్కడే ఉంది. ఏ దీవిలో ఏ పిట్ట ఏ కాలంలో కూస్తుందో నికోబారీ తోటమాలికి, వేటగాడికి తెలుసు. సిగ బుల్‌బుల్ తమ ఊరికి ఎప్పుడు వచ్చిందో తాతలు చెప్పిన మాటలు వారి వద్ద ఉండవచ్చు. వారిని కూలి మనుషులుగా కాక సర్వే భాగస్వాములుగా తీసుకుంటే, కొద్ది ఖర్చుతో, అడవిలో పెట్టి ఉంచే చిన్న ధ్వనిగ్రాహకాల సాయంతో, ఏడాదంతా పిట్టల కూతలు నమోదు చేయడం ఇవాళ సాధ్యమే. గానపక్షికి ఉన్న సౌలభ్యం అది. కంటికి కనిపించకపోయినా చెవికి దొరుకుతుంది.

మన వద్దే ఒక అనుభవం ఉంది. కడప జిల్లా లంకమల పొదల్లో 1986లో కలివికోడి తిరిగి కనిపించినప్పుడు, 1900 తర్వాత దాన్ని చూసినవారు లేరు. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటయింది. తర్వాత తెలుగు గంగ కాలువ పనులు అదే పొదలను కోసినప్పుడు వివాదం రేగి, కాలువ దారిని మార్చవలసి వచ్చింది. ప్రభుత్వం మార్చింది కూడా. అభివృద్ధి ఆగలేదు, నీళ్లు వెళ్లాయి. అయితే ఆ మార్పు జరిగింది కలివికోడి ఉనికి గురించి అప్పటికే కాగితం మీద ఆధారం ఉండటం వల్ల. కాలువ తవ్వాక వెతకడం మొదలుపెట్టి ఉంటే ఏ గుట్టు తెలిసేదో ఊహించవచ్చు.

ఫ్లైక్యాచర్ విషయంలో గడువు ప్రాజెక్టు పత్రాల్లోనే ఉంది. గలతియా రేవు తొలి దశను 2028 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. చెట్ల తొలగింపు దశలవారీగా సాగుతుందని అనుమతి చెబుతోంది. అంటే ప్రతి దశకు ముందు ఆ ముక్కలో ఏ పిట్టలు ఎన్ని ఉన్నాయో, తోటల అంచుల్లో ఏ పరాయి జీవులు ఇప్పటికే ఉన్నాయో నమోదు చేయడానికి సమయం ఉంది. ఆ నమోదును ప్రజల ముందు ఉంచడానికీ అడ్డు లేదు. రక్షణ సంబంధ సమాచారం గోప్యంగా ఉండవచ్చు గాని పిట్టల లెక్కలో రహస్యం ఏముంటుంది?

మధ్య నికోబార్‌కు సంబంధించి చేయవలసింది వేరు. అక్కడ కొత్త ప్రాజెక్టు లేదు, కోర్టు కేసు లేదు, విలేకరుల రాకపోకలు లేవు. సిగ బుల్‌బుల్ లేని దీవులు ఇంకా ఏవైనా మిగిలి ఉంటే వాటిని అలాగే ఉంచడమే అక్కడి పని. అందుకు ముందుగా అవి ఏవో తేల్చాలి. తెరెసా నుంచి ట్రింకెట్ దాకా దీవుల మధ్య తిరిగే పడవల్లో పంజరం పిట్టలపై నిషేధం పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నికోబార్ గిరిజన మండళ్ల మాటకు అక్కడ ఉన్న విలువను బట్టి చూస్తే, ఆ నిర్ణయం ఢిల్లీ నుంచి వచ్చేదాని కంటే అక్కడే తీసుకుంటే అమలు సులభం.

ఐయూసీఎన్ తన జాబితాను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది. తదుపరి అంచనాలో ఈ రెండు పిట్టల ముద్ర మారవచ్చు, మారకపోవచ్చు. ఫ్లైక్యాచర్ రెండే దీవులకు పరిమితం కనుక, సమీప భవిష్యత్తులో ముప్పు ఉందని అంచనా వేసేవారు నిర్ధారణకు వస్తే, సంఖ్య తెలియకపోయినా అది దుర్బల జాతుల్లో చేరే అవకాశం నియమాల్లోనే ఉంది. బుల్‌బుల్‌కు ఆ అవకాశం తక్కువ. దాని దీవులు ఎక్కువ, దాన్ని తరుముతున్నది నెమ్మదిగా తరిమే పోటీ. ఒక గుంపు ఇంకో గుంపుకు తోట వదిలిపెట్టడం ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనిపించదు. కమోర్టాలో ఉదయం పూట తోటలోకి వెళ్లి, కొమ్మ మీద సిగ ఉన్న పిట్టలు ఎన్ని, లేనివి ఎన్ని అని ఎవరో ఒకరు ఏటా లెక్కపెట్టవలసిందే.